కొత్త పాడిపశువు: తొలి నెల దినములు

పాడిపంటలను మన భాష విడదీసి పలుకదు. పంటపనిలో స్త్రీపురుషు లిరువురును పాలుపంచుకొందురు గాని, పాడి భారము మాత్రము నేటికిని చాల యిండ్లలో స్త్రీదే. తెల్లవారకమున్నె లేచి కొట్టము శుభ్రము చేయుట, కుడితి కలుపుట, దూడను విడుచుట, పాలు పిదుకుట, పేడ యెత్తుట. సాయంకాలము మరల అదే వరుస. కాని సంతకు పోయి పశువును చూచి బేరమాడి తెచ్చుట సాధారణముగా మగవారి పని. కావున కొత్త గేదె వాకిటికి వచ్చిన దినమున కొన్నవారి పని ముగియును. సాకవలసిన యామె పని మొదలగును.

కోస్తాలో గేదె యన్నను, తెలంగాణమున బర్రె యన్నను, రాయలసీమలో ఎనుము అన్నను, అది నేడు పెద్ద సొమ్ము. మంచి ముర్రా గేదె వెల లక్ష రూపాయలకు అటునిటుగా నున్నది. పలువురు సోదరీమణులు స్వయం సహాయక సంఘమునుండి గాని బ్యాంకునుండి గాని అప్పు తెచ్చి ఈ సొమ్ము పెట్టుదురు. దినమునకు 8 లీటర్లని చెప్పి అమ్మిన గేదె, ఇంటికి వచ్చిన మొదటి వారమున 3 లీటర్లే యిచ్చినచో ఆ గృహిణికి నిద్ర పట్టునా? ‘అమ్మినవాడు మోసగించెను’ అని యొకరు, ‘దిష్టి తగిలినది’ అని యొకరు, ‘ఇది మొండిపశువు’ అని మరియొకరు చెప్పుదురు. తొందరపడి సగము వెలకు తిరిగి అమ్మివేయువారును కలరు. అమ్మకములలో మోసము లేకపోలేదు. కాని చాలమారులు కారణము వేరు. ఆ పశువు భయపడినది. దాని యిల్లు, దాని తోడు, దాని మేత, దానిని పిదికిన చేయి, అన్నియు ఒక్కనాడే మారిపోయినవి.

కొత్త పశువును తొలి నెల దినములు ఓపికతో వేరుగా నుంచి, మెల్లగా అలవాటు చేసి, పిమ్మట మందలో కలిపినచో దాని పాలును నిలుచును, తక్కిన పశువులకును కీడు రాదు, ఇంటివారి ఆరోగ్యమునకును భంగము కలుగదు. దీనికి వలసినది ధనము కాదు. తెలివిడియు, కొంత క్రమమును.

కొనుటకు ముందు

గృహిణి వీలైనంతవరకు తానును వెంట పోవలెను. పాలు పిదుకు చేతికి తెలిసిన సంగతులు బేరమాడు నోటికి తెలియవు. ఒక్క పూట పాలు చూచి నమ్మరాదు. అమ్మకమునకు ముందు ఒక పూట పిదుకక నిలిపి, నిండిన పొదుగును చూపువా రుందురు. కావున మొదటి పూట పాలను లెక్కలోనికి తీసికొనక, తరువాత వరుసగా రెండు మూడు పూటలు ఎదుట పిదికించి చూడవలెను. నాలుగు చన్నులనుండియు ధార సరిగా వచ్చుచున్నదా, పాలలో విరుగుడు పలుకులు గాని రక్తపు చార గాని కలదా, పొదుగున ఎచ్చటనైన గట్టితనమున్నదా యని తాకి తెలిసికొనవలెను.

పిమ్మట అమ్మువారి యింటి ఆడువారిని కొన్ని సంగతు లడుగవలెను. ఏ మేత, ఎంత, ఏ వేళకు పెట్టుదురు? పిదుకున దెవరు, ఏ ప్రక్కను కూర్చుందురు? దూడను ముందుగా విడుతురా, దాణా ముందుంచి పిదుకుదురా? దానిని ఏమని పిలుతురు? ఎప్పుడు ఈనినది? ఏ టీకాలు వేయించిరి? ఇవి యన్నియు ఒక కాగితముమీద వ్రాసికొనుట మేలు. అయిదారు దినములకు సరిపడు పాత దాణాయు, వీలైనచో దాని పాత పలుపును అడిగి తెచ్చుకొనవలెను. కొత్తచోట పాత వాసన యొక్కటియైన తోడుండుట పశువునకు ఊరట. దూడ గల గేదెను దూడతోనే కొనవలెను. దూడ బక్కచిక్కి యున్నను దానిని విడిచి వచ్చుట పాలను విడిచి వచ్చుటయే.

చెవికి 12 అంకెల పచ్చని బిళ్ల యున్నదేమో చూడవలెను. ఆ సంఖ్యయే పశువునకు గుర్తింపు. టీకాలకును బీమాకును అదియే ఆధారము. బీమా చేయించినప్పుడు ఆ బిళ్ల ఊడిపోకుండ కాపాడుకొనుట మరువరాదు. బ్రూసెల్లోసిస్ అను వ్యాధికి రక్తపరీక్ష చేయించి మరి కొనుట ఉత్తమము. ఆ వ్యాధి సంగతి ముందు చెప్పెదను.

వచ్చిన దినము

హర్యానా రాష్ట్రమునందలి రోహతక్, హిస్సార్, జింద్ ప్రాంతములు ముర్రా జాతికి పుట్టినిండ్లు. అచ్చటినుండి మన యూళ్లకు వచ్చు గేదె లారీలో నిలుచుండి కొన్ని దినములు ప్రయాణము చేయును. ప్రక్క మండలమునుండి వచ్చిన దానికిని ప్రయాణము ప్రయాణమే. గేదె చర్మము నల్లనిది, స్వేదగ్రంథులు తక్కువ. అందుచే ఎండను ఆవువలె ఓర్వజాలదు. కావున చల్లని వేళ, క్రింద ఇసుక గాని గడ్డి గాని పరచి, కాలు జారకుండ తీసికొని రావలెను. దిగిన వెంటనే నీడను కట్టి, మంచినీరు కొంచెము కొంచెముగా పలుమారులు త్రాగించి, ఒడలిపై నీరు చల్లి, ఎండుగడ్డి వేయవలెను. దాణా ఆ పూటకు అక్కరలేదు.

కొత్త పశువునకు కాళ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, హారతి యిచ్చుట మన ఆచారము. అందు దోషమేమియు లేదు. అయితే హారతి ముగియగనే దానిని పాత పశువుల నడుమ కట్టివేయుటయే కీడు. వాడవారందరు వచ్చి చుట్టు నిలిచి, తోక పట్టి, పళ్లు చూచి, పొదుగు తట్టుటయు మంచిది కాదు. కొత్త కోడలిని గడప దాటిన గంటకే వంటపని పరీక్షించు అత్తగారిని మనమే మెచ్చుకొనము గదా!

వేరుగా నుంచుట యెందుకు?

కొత్త పశువును 3 వారములకు తక్కువ కాకుండ, సాధ్యమైనచో 30 దినములు, పాతవాటికి దూరముగా కట్టవలెను. గాలికుంటు వ్యాధి సోకిన 2 దినములనుండి 14 దినములలోపల గాని బయటపడదు. కొన్న దినమున కన్నుల కింపుగా నున్న గేదె పదియవ దినమున నోట చొంగ కార్చి, గిట్టలలో పుండ్లతో కుంటవచ్చును. అప్పటికి అది ఒంటరిగా నున్నచో నష్టము ఒక్కదానికి. నడుమ కట్టియున్నచో కొట్టమునకంతకు. 2019లో మన దేశమున తొలిసారి కనబడిన ముద్దచర్మవ్యాధి 2022 నాటికి గుజరాతు, రాజస్థానములలో వేలకొలది ఆవులను పొట్టన బెట్టుకొన్నది. ఆ వ్యాధిని దోమలు, ఈగలు, పిడుదులును మోయును; పశువులు ఊరూరికి మారుటయు వ్యాప్తికి దారియగును.

చరిత్రలో ఇంతకంటె ఘోరమైన పాఠము కలదు. 1887లో ఆఫ్రికాయందలి ఎరిత్రియాకు ఇటలీ సైన్యముకొరకు దిగుమతియైన పశువులవెంట ముసరజాడ్యము ఆ నేల నడుగుపెట్టినది. పదేండ్లలో అది ఖండము దక్షిణపు కొన దాక ప్రాకెను. ఇథియోపియాలో పశుసంపద అధికభాగము నశించి, దున్నుటకు ఎడ్లు లేక గొప్ప కరవు వచ్చినది. మన తాతముత్తాతలు ‘పెద్దజాడ్యము’ అని భయపడిన వ్యాధి అదియే. టీకాల మహిమచే అది 2011లో లోకమునుండియే తుడిచిపెట్టబడినట్లు ప్రకటింపబడెను. జాడ్యము పోయినది గాని, పాఠము పోలేదు.

గృహిణులకు మరింత దగ్గరి సంగతి యొకటి. 1905లో మాల్టా ద్వీపమునుండి 60కి పైగా పాడిమేకలను అమెరికాకు పంపుటకై ‘జాషువా నికల్సన్’ అను ఓడ నెక్కించిరి. మేకలు చూచుటకు ఆరోగ్యముగానే యుండెను, పాలును బాగుగా నిచ్చెను. దారిలో ఆ పచ్చిపాలు త్రాగిన ఓడవారిలో పలువురు జ్వరముతో మంచము పట్టిరి. ఆ ద్వీపమును చిరకాలముగా పీడించుచున్న జ్వరమునకు మూలము మేకలలో నున్నదని మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జమ్మిట్ అదే ఏట కనుగొనెను. ఆ జ్వరపు సూక్ష్మజీవిని అంతకుముందే, 1887లో, డేవిడ్ బ్రూస్ అను సైనికవైద్యుడు గుర్తించి యుండెను. ఆయన పేరనే దానికి బ్రూసెల్లా అను పేరు వచ్చినది. ఆవులు ఈడేరని దూడలను ఈసుకొనిపోవుటకు కారణమగు సూక్ష్మజీవిని 1897లో డెన్మార్కు పండితుడు బెర్నార్డు బాంగ్ కనుగొనెను.

ఈ రెండును దగ్గరి చుట్టములని లోకమునకు తెలిపినది యొక స్త్రీ. ఒకప్పుడు బడిపంతులమ్మగా నుండి, పిమ్మట అమెరికా ప్రభుత్వపు పాడిశాఖలో పరిశోధకురాలైన ఆలిస్ ఈవాన్స్ 1918లో ఈ సంగతి ప్రకటించి, పాలను వేడిచేసి శుద్ధిపరచియే వాడవలెనని హెచ్చరించెను. పెద్ద పండితులు నమ్మరైరి. 1922లో ఆమెకే ఆ వ్యాధి సోకి, ఏండ్లతరబడి వేధించినది. తుదకు ఇతరుల పరిశోధనలును ఆమె మాటనే నిలబెట్టెను. 1928లో ఆమె అమెరికా సూక్ష్మజీవశాస్త్రజ్ఞుల సంఘమునకు తొలి మహిళాధ్యక్షురా లయ్యెను.

మాల్టా మేకలవలెనే బ్రూసెల్లా గల గేదెయు చూచుటకు నిండుగా నుండవచ్చును. అది చూడితో నుండి నెలలు నిండకముందే ఈసుకొనిపోయినప్పుడు, లేదా మాయ పడక నిలిచినప్పుడు, చేయిపెట్టి సాయము చేయున దెవరు? తరచుగా ఇంటి యిల్లాలే. ఆ నీరు, ఆ మాయ, ఆ రక్తము చేతి గాట్లద్వారా వ్యాధిని మనుష్యులకు అంటించును. కావున చేతికి రబ్బరు తొడుగు లేనిదే అట్టి పని చేయరాదు. గర్భిణీస్త్రీలు దరి చేరరాదు. పడిపోయిన పిండమును మాయను కుక్కల పాలు చేయక లోతుగా గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. పాలు పొంగువచ్చునట్లు కాచియే త్రాగవలెను. విడిచి విడిచి వచ్చు జ్వరము, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులు ఉన్నచో వైద్యునితో ‘మా యింట పశువులు కలవు’ అని చెప్పుట మరువరాదు. ఆ యొక్క మాట లేక రోగము తెలియక నెలలు గడచును.

4 నెలలనుండి 8 నెలల వయసు గల ఆడుదూడలకు బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయింతురు. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వలయును. ఈ రెంటికిని 2019లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. అవసరము కలిగినప్పుడు మన రెండు రాష్ట్రములలోను 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల యూరికి వచ్చును.

‘మాకున్నది ఒక్కటే పాక, వేరుగా నెచ్చట కట్టుదుము?’ అని కొంద రడుగవచ్చును. పెరటి చెట్టునీడ చాలును, చూరుక్రింద తడిక కట్టిన మూల చాలును. ముఖ్యమైనది మూతికి మూతి తగులకుండుట, ఒకే తొట్టిలో నీరు త్రాగకుండుట. కుడితి బానయు, పేడ తట్టయు వేరుగా నుంచవలెను. ముందు పాత పశువుల పని ముగించుకొని, పిమ్మట కొత్తదానికడకు పోవలెను. తిరిగి వచ్చునప్పుడు చేతులు కాళ్లు సబ్బుతో కడుగుకొనవలెను. ఈ వరుస తప్పకున్నచో సగము రక్షణ కలిగినట్లే.

పాలు చేపుట

పొదుగులో పాలున్నంతమాత్రమున చేతికి రావు. పశువు చేపవలెను. దూడ మూతితో కుమ్మినప్పుడు గాని, చేయి మెల్లగా నిమిరినప్పుడు గాని, పశువు మెదడునుండి ఆక్సిటోసిన్ అను పదార్థము రక్తములోనికి విడుదలై పొదుగునకు చేరి, పాలగదులను ఒత్తి ధారగా దింపును. ఈ పదార్థపు నిర్మాణమును తేల్చి, ప్రయోగశాలలో దానిని తయారుచేసిన విన్సెంట్ డు విగ్నియోకు 1955లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. భయము కలిగినప్పుడు దీనికి విరోధియగు మరొక పదార్థము పుట్టి పాలను అడ్డగించును. దీనినే మన పెద్దలు ‘ఎగచేపుట’ అనిరి. గేదెకు ఈ యడ్డంకి ఆవుకంటె ఎక్కువ కష్టము. ఏలయన ఆవు పొదుగు అడుగున కొన్ని పాలు ముందే దిగియుండును; గేదెకు అట్లు దిగియుండునది స్వల్పము, తక్కినదంతయు చేపినగాని రాదు.

కావున కొత్త గేదె ఎగచేపినప్పుడు కొట్టుట, కాళ్లు బిగించి కట్టుట, అరచుట అన్నియు పాలను మరింత పైకి తరుముటయే. మొదటి పక్షము ఒక్కరే పిదుకవలెను. అదే వేళకు, అదే ప్రక్కను, వీలైనచో పాత యింట వినిన పిలుపుతోనే. దూడను ముందు విడిచి, పొదుగును గోరువెచ్చని నీట కడిగి, రెండు మూడు నిమిషములు ఓపిక పట్టవలెను. చేపిన పిమ్మట ఆలసింపక అయిదారు నిమిషములలో ముగింపవలెను, ఏలయన ఆ పదార్థపు బలము కొద్దిసేపే.

కొందరు సులువైన దారియని దినదినము ఆక్సిటోసిన్ సూదివేసి పిదుకుదురు. వైద్యుని చీటీ లేక అమ్మరాని మందది. దానికి అలవాటు పడిన పశువు తరువాత దూడకును చేపదు, చేతికిని చేపదు. సూది చూపి పాలు తీసికొను యింట గేదెకు నమ్మకము ఎన్నడు కుదురును?

మేత మార్పు

నెమరువేయు పశువు కడుపులో నాలుగు గదులు కలవు. అందు మొదటిదియు మిక్కిలి పెద్దదియు నగు గదిలో కోట్లకొలది సూక్ష్మజీవులుండి గడ్డిని పులియబెట్టి ఆహారముగా మార్చును. ఏ మేతకు తగిన జీవులు ఆ మేతతో పెరుగును. మేత హఠాత్తుగా మారినచో ఆ జీవులకు అలవాటు కాదు. కడుపుబ్బరము, పారుడు, పాలు తగ్గుట కలుగును. కావున మొదటి నాలుగైదు దినములు వెంట తెచ్చిన పాత దాణానే పెట్టి, పిమ్మట మన తవుడు, తెలగపిండి, వేరుశనగ చెక్క కొంచెము కొంచెముగా కలుపుచు, రెండు మూడు వారములలో పూర్తిగా మార్చవలెను. గేదె పోషణకు సుమారు 2 కిలోల దాణాయు, అది యిచ్చు ప్రతి 2 లీటర్ల పాలకు మరి యొక కిలోయు లెక్క. పచ్చిమేత, వరిగడ్డి లేక చొప్ప, నీరు సమృద్ధిగా నుండవలెను.

ఒక హెచ్చరిక. పెండ్లివిందులలో మిగిలిన యన్నము ‘పారవేయుట యేల’ యని కొత్త గేదె ముందు పోయువారు కలరు. అలవాటు లేని పశువు అన్నము గాని ధాన్యము గాని మితిమీరి తిన్నచో కడుపులో ఆమ్లము పుట్టి, ఒకటి రెండు దినములలోనే ప్రాణమునకు ముప్పు వచ్చును. పొదుపు మంచిదే గాని, ఆ పొదుపు ఇట్లు కాదు.

మందలో కలుపుట

నెల నిండినది, మేత తినుచున్నది, జ్వరము లేదు, పరీక్షలు సరిగా వచ్చినవి. ఇక కలుపు వేళ. 1922లో నార్వే పండితుడు షెల్డరుప్-ఎబ్బె కోళ్లను గమనించి, వాటిలో ఎవరు ఎవరిని పొడువవచ్చునో యను వరుస యొకటి కలదని ప్రకటించెను. పెరటికోళ్లను పెంచు మన యిల్లాండ్రకు ఇది వింత గాదు. పశువులలోను అట్టి పెద్దరికము కలదు. కొత్తది రాగానే ఆ వరుస చెదరును. ఎవరి స్థానమేదో తేలువరకు కుమ్ములాట తప్పదు. ఆరుబయట నున్నచో ఓడినది తల త్రిప్పి తొలగిపోవును, తగవు నిమిషములో తీరును. మన కొట్టములలో చిక్కేమనగా, పశువులు పలుపుతో కట్టివేయబడి యుండును. తొలగవలసినది తొలగలేదు, పెద్దది ఊరకుండదు. కొమ్ము పొదుగునకు తగులుటయు, చూడి పశువు కడుపునకు తగులుటయు ఇట్లే జరుగును.

కావున ముందు నాలుగైదు దినములు కొమ్ము అందనంత దూరమున, ఒకదాని నొకటి చూచునట్లు కట్టవలెను. పిమ్మట మందలో అన్నిటికంటె నెమ్మదియైన దానిని ఎంచి, దానిని దీనిని మాత్రము జతగా మేతకు విడువవలెను. ఆ జత కుదిరిన తరువాత, మేత తిని కడుపులు నిండిన వేళ, చెరువుగట్టున గాని బీడులో గాని అన్నిటిని కలిపి విడిచి, దూరమునుండి గమనింపవలెను. కొద్దిపాటి తోపులాటకు కఱ్ఱతో నడుమ పోరాదు. దాని వలన మనకు గాయము, వాటికి తగవు తీరకపోవుట. ఆకలి వేళను, ఇరుకు దొడ్డిలోను ఎన్నడును కలుపరాదు. ఈననున్న పశువును ఆ మొదటి దినములలో వేరుగా నుంచవలెను. కొట్టములో కట్టునప్పుడు కొత్తదానిని పెత్తనపు గేదె ప్రక్కను కాక, జతకుదిరిన నెమ్మదిదాని ప్రక్కను, చివరి గుంజకు కట్టవలెను. మేత, నీరు రెండుచోట్ల నుంచినచో కొత్తది పస్తుండదు. గుర్రములు పెంచువారును ఇట్లే కొత్త గుర్రమును వేరుగా నుంచి, కంచె యావలినుండి చూడనిచ్చి, ఒక్క జోడుతో కలిపి, తుదకు మందలో విడుతురు. మందగా బ్రతుకు జంతువులన్నిటికి న్యాయ మొక్కటియే.

పశువు కుదుటపడినదని తెలిసికొను గుర్తులు కొన్ని కలవు. నిర్భయముగా పడుకొని నెమరువేయును. మేతకు ఎవరి ముఖమును చూడక పోవును. చేయి సోకగానే చేపును. పిలిచినచో తల త్రిప్పును. అప్పటికి పాలును మెల్లగా పెరుగును. రెండు మూడు వారములైనను పాలు పెరుగనిచో, లేదా నడుమ మేత మానినచో, పశువైద్యుని పిలువవలెను. అంతకుముందే తొందరపడి అమ్మివేయరాదు.

సోదరీమణులారా, అప్పు పత్రముమీద సంతకము మీది, వేకువను లేచునది మీరు, పచ్చిపాలలో చేయి తడియునదియు మీదే. కావున ఏ పశువును కొనవలెనో, ఎచ్చట కట్టవలెనో, ఎప్పుడు మందలో కలుపవలెనో నిర్ణయించు మాటయు మీదై యుండవలెను. బేరమునకు పోవునప్పుడు మీరును బండి యెక్కుడు. అమ్మువారి యింటి ఆడుదానిని ప్రక్కకు పిలిచి, ఆ గేదెకు ఏ పాట పాడి పాలు పిదుకునో అడిగి తెలిసికొనుడు.